జేజి జబ్బ మీది మచ్చ

మా జేజి ఎడమ జబ్బ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది. చర్మం కొంచెం లోపలికి కుంగి, అందులో మళ్లీ చిన్నచిన్న గుంటలు. చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుని ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టుకునే నిద్రపోయేవాణ్ణి. 'ఏంది జేజీ ఇది' అని అడిగితే 'అమ్మవారి టీకా నాయనా' అనేది. నా చేతి మీదా ఒకటుంది కానీ అది క్షయ రాకుండా వేసే బీసీజీది. మశూచి టీకా నా తరానికి అవసరం పడలేదు, మన దేశంలో చివరి కేసు 1975లోనే వచ్చింది.

ఈ మధ్య టీకాల చరిత్ర చదువుతున్నప్పటి నుంచి ఆ మచ్చే కళ్లముందు మెదులుతోంది. మనకు ఎప్పుడూ చెప్పే కథ ఒకటే, ఇంగ్లీషువాళ్లు మందు తెచ్చారు, మన జనం మూఢనమ్మకంతో పారిపోయారు అని. నేనూ అదే నమ్మాను. కానీ ఆ రోజుల్లో టీకా ఎలా వేసేవారో తెలిశాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

అప్పుడు సీసాలో మందు లేదు. పిల్లల చెయ్యే సీసా. ఒక బిడ్డకు టీకా వేస్తే ఎనిమిదో రోజుకి అక్కడ పొక్కు నిండేది, దాన్ని గుచ్చి ఆ రసం తీసి ఇంకో బిడ్డ చేతికి, మళ్లీ ఎనిమిది రోజులకు ఆ బిడ్డ నుంచి మరొకరికి. మధ్యలో ఎక్కడ గొలుసు తెగినా మందు లేనట్టే, ఎందుకంటే దారాలకు పట్టించి ఎండబెట్టిన రసం మన ఎండలకు పనికిరాకుండా పోయేది. బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరిన మందును 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు, మన దేశంలో అదే మొదటి టీకా. ఆ పాప చేతి నుంచే ఇంకో ఐదుగురు పిల్లలకు. అదే ఏడాది మద్రాసుకూ చేరింది. అప్పటికి మన అనంతపురం, కడప సీమలు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చి రెండేళ్లే, కలెక్టరు మన్రో. కర్నూలు ఇంకా నవాబుల కిందే ఉంది.

ఇప్పుడు ఒక తల్లిని తలుచుకోండి. కొత్త మనిషెవరో ఊళ్లోకి వచ్చి బిడ్డ చెయ్యి గీరతాడు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డ దగ్గరికి వారానికి మళ్లీ వచ్చి అదే పుండు గుచ్చుతానంటాడు. పక్క ఊరికి మందు చేరాలంటే ఒక్కోసారి ఆ బిడ్డనే మోసుకుపోవాలి. ఎవరి ఒంట్లోని రసం ఎవరి ఒంట్లోకి పోతుందో, దాంతో పాటు ఇంకే రోగం అంటుకుంటుందో అన్న భయం, పైగా కులం పట్టింపు. సవాయి (సిఫిలిస్) లాంటి రోగాలు అలా అంటుకోవడం యూరప్‌లోనే జరిగింది కాబట్టి ఆ భయం వట్టిదేమీ కాదు. ఆ తల్లికి తెలిసిన వైద్యం వేరే ఉంది. అమ్మవారు పోస్తే గడపకు వేపమండలు కట్టాలి, తాళింపు వాసన రానీకూడదు, బయటివాళ్లను రానీకూడదు. రోగం తగ్గించకపోయినా, బయటివాళ్లను ఆపడం మాత్రం మంచి పనే.

తర్వాత దూడల మీద మందు తయారుచేయడం వచ్చింది. మద్రాసు దగ్గర గిండీలో 1899లో పెట్టిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆ పనికే మొదలైంది. పిల్లల చేతులకు ఆ బాధ తప్పింది. మా జేజికి పడింది ఆ దూడ మందే అయ్యుండాలి.

కానీ భయం అంత తొందరగా పోతుందా. టీకాలాయన వచ్చినాడని తెలిసి వాళ్లమ్మ జేజిని గరిసె వెనక దాచిపెట్టిందంట. తుమ్ము వచ్చి దొరికిపోయింది. ఆయన వేసి గడప దాటగానే వాళ్లమ్మ బిడ్డను దొడ్లోకి లాక్కుపోయి చెయ్యి రుద్ది రుద్ది కడిగిందంట. 'ఎంత కడిగినా పట్టుకునింది సూడు' అని జేజి ఆ మచ్చను అరచేత్తో ఒకసారి తుడుచుకునేది.