బైజాంటైన్ కాసుల పేపర్: ఒకసారి పోయి, రెండోసారి గట్టెక్కాను

నిన్న సాయంత్రం రిజల్ట్స్ వచ్చాయి. పాసయ్యాను! అమ్మకు ఫోన్ చేస్తే "ఆ బంగారు కాసుల పరీక్షేనా?" అంది. అదే, బైజాంటైన్ అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పాత కాసుల పేపర్. వచ్చే ఏడాది ఈ మాస్టర్స్‌కు వస్తున్న మనవాళ్లు మెసేజ్‌లు పెడుతున్నారని రాస్తున్నాను. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, ఆ సోది వదిలేద్దాం.

మొదటిసారి నన్ను ముంచింది ఒకే ఒక్క సాలిడస్, అంటే అక్కడి బంగారు కాసు. దాని నమూనా చేతిలో పెట్టారు. చుట్టూ అక్షరాలు అరిగిపోయాయి. ముందువైపు క్రీస్తు: తల వెనక శిలువ, పొడవాటి జుట్టు, గడ్డం. వెనకవైపు పక్కపక్కనే రెండు తలలు. నేను బట్టీ పట్టిన ముక్క ఏంటంటే, కాసు మీద క్రీస్తు ముఖాన్ని ముందుగా వేయించింది రెండో జస్టీనియన్ చక్రవర్తి అని. ఇక రెండు తలలంటే ఆయనా, కొడుకు టైబీరియస్సే కదా! 705–711, ఆయన రెండోసారి ఏలిన కాలం అని రాసి రెండు పేజీలు దంచాను.

తీరా చూస్తే అది తర్వాతి చక్రవర్తి మూడో మైఖేల్‌ది. పక్కనున్నది తల్లి థియొడోరా. 843లో పవిత్ర పటాల ఆరాధనను తిరిగి నిలబెట్టిన ఆవిడే. నూటయాభై ఏళ్ల కిందటి, జస్టీనియన్ తొలి పాలన నాటి క్రీస్తు బొమ్మనే మళ్లీ కొట్టించారు. టైబీరియస్ ఉన్న కాసుల మీద క్రీస్తుకు పొట్టి ఉంగరాల జుట్టు. జుట్టు చూసినా బయటపడేవాణ్ణి.

ఆ దెబ్బకి రాజుల జాబితా పక్కన పడేశాను. ఏ కాసు పట్టుకున్నా ఒకటే ప్రశ్న: దేవుడు ఏ వైపు, రాజు ఏ వైపు? జస్టీనియన్ తొలిసారి క్రీస్తును "రాజులకు రాజు" అని ముందుకు తెచ్చి, తాను "క్రీస్తు సేవకుడు" అంటూ వెనక్కి వెళ్లాడు. మన కృష్ణదేవరాయల వరహా గుర్తుందా? ముందు బాలకృష్ణుడు, వెనక రాయల పేరు, అంతే. జస్టీనియన్ మాత్రం సేవకుణ్ణంటూనే శిలువ పట్టుకుని నిలువెత్తున నిలబడ్డాడు. ఇది తట్టాక మిగతావన్నీ వాటంతటవే దారికొచ్చాయి. తర్వాతి చక్రవర్తుల్లో మూడో లియో కాసుల మీద క్రీస్తు లేడు, తండ్రీకొడుకులే. ఆరో లియో మేరీ మాతను తెచ్చాడు. ఐజాక్ కొమ్నెనస్ కత్తి దూశాడు.

కష్టపడక ఫెయిలయ్యానని కొందరన్నారు. రాత్రి హోటల్లో గిన్నెలు కడిగి, పొద్దున ఐదింటికి లేచి చదివినవాణ్ణి. చదవకపోవడం కాదు, తప్పుగా చదివాను. రెండోసారి రోజుకు ఐదు కాసులు, పండగైనా జ్వరమైనా. మీరు ముందు ఆ ఫోన్ పక్కన పడేయండి.

ఈసారి వచ్చింది జాన్ జిమిస్కెస్ కాసు. నికిఫోరస్ ఫోకాస్‌ను 969లో చంపించి గద్దెనెక్కినవాడు. ఫోకాస్ కాసు మీద అతనితో కలిసి శిలువ పట్టుకున్న మేరీ మాతే ఇప్పుడు ఇతని కిరీటం మీద చెయ్యి పెట్టింది. పైనుంచి దేవుడి చెయ్యి కూడా! నవ్వాపుకోలేక దగ్గు నటించాను. ఇన్విజిలేటర్ పాపం మంచినీళ్లు తెచ్చిచ్చాడు.