తేలిక చక్రాలు: తేడా కాలికి తెలుస్తుందా, గడియారానికా?

"చక్రంలో కిలో తగ్గితే ఫ్రేములో రెండు కిలోలు తగ్గినట్టే." సైకిల్ తొక్కేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. సగమే నిజం. ఆగిన సైకిల్ వేగం అందుకునేటప్పుడు మాత్రమే ఈ లెక్క పనిచేస్తుంది, అది కూడా బరువు తగ్గింది రిమ్ములోనో, టైరులోనో, ట్యూబులోనో అయితేనే. అంచున ఉండే బరువు సైకిల్‌తో పాటు ముందుకు పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే రెండింతల శక్తి అడుగుతుంది. హబ్బు ఇరుసు చుట్టూనే ఉంటుంది కాబట్టి అక్కడ తగ్గిన వంద గ్రాములు వంద గ్రాములే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్ 10 కిలోలు అనుకోండి. అంచున ఏకంగా అర కిలో తగ్గించాం. నిలబడిన చోటు నుంచి గంటకు 25 కిలోమీటర్ల వేగానికి రావడానికి మొత్తం సుమారు 1,950 జౌళ్ల శక్తి కావాలి. ఆ అర కిలో వల్ల మిగిలేది 24 జౌళ్లు. 100 వాట్లతో తొక్కేవారికి అది పావు సెకను. కర్నూలులో రాజ్‌విహార్ నుంచి సి.క్యాంపు దాకా ఆటోల మధ్య ఇరవై సార్లు ఆగి బయలుదేరినా మిగిలేది 5 సెకన్లు.

ఎక్కుడులో రెండింతల లెక్క అసలు లేదు. నిదానంగా ఒకే వేగంతో ఎక్కుతుంటే చక్రంలో ఉన్నా, సీసాలో నీళ్లుగా ఉన్నా బరువు బరువే. కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎక్కుడు మీకు అరగంట పడుతుందనుకుంటే, 80 కిలోల్లో అర కిలో తగ్గినందుకు 10, 11 సెకన్లు కలిసొస్తాయి. పోటీల్లో దిగేవాళ్లకు అది పెద్ద సంగతే. పైకెక్కి పాలకోవా తిని దిగేవాళ్లకు కాదు.

చదునైన రోడ్డు మీద ఒకసారి వేగం అందుకున్నాక బరువైన రిమ్ము కొత్తగా ఏమీ తినదు. తొక్కడం ఆపితే తనలో దాచుకున్నది తిరిగి ఇస్తుంది. బ్రేకు పట్టినప్పుడే ఆ శక్తి వేడిగా మారి పోతుంది.

మరి కొత్త చక్రాలు వేసినవాళ్లంతా సైకిల్ ఎగిరిపోతోందని ఎందుకంటారు? అబద్ధం కాదది. లేచి నిలబడి తొక్కినప్పుడు సైకిల్ అటూ ఇటూ తేలిగ్గా ఊగుతుంది, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. చేతికి తెలిసే తేడా ఇది. దీనికి తోడు కొత్త చక్రాలతో పాటు సాధారణంగా కొత్త టైర్లు, సరైన గాలి, కొత్త బేరింగులు కూడా వస్తాయి. పాత చక్రం వంకర వల్ల బ్రేకు రబ్బరు రాసుకోవడం కూడా అదే రోజు పోతుంది. పేరు మాత్రం రిమ్ముకు దక్కుతుంది. నిజం తేల్చుకోవాలంటే పాత టైర్లే కొత్త చక్రాలకు ఎక్కించి, అదే గాలితో, అదే దిగుడులో తొక్కకుండా వదిలి ఎంత దూరం పోతుందో చూడండి. గాలి వీచని తెల్లవారుజామున చేస్తేనే లెక్కకు వస్తుంది.

డబ్బు పెట్టాల్సింది ముందు రబ్బరు మీద. హైబ్రిడ్ సైకిళ్లతో వచ్చే, అంచులో ఇనుప తీగ ఉన్న 32 ఎంఎం టైరు అర కిలో దాకా తూగుతుంది. మడత పెట్టే రకం 28 ఎంఎం టైరు 300 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మామూలు ట్యూబు 130 గ్రాములైతే టీపీయూ అనే పలచని ప్లాస్టిక్ ట్యూబు 40. రెండు చక్రాలకూ కలిపితే తగ్గేది అర కిలో పైనే, అదీ సరిగ్గా అంచునే. బరువు కన్నా పెద్ద లాభం వేరే ఉంది. రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.008 ఉన్న మొద్దు టైరు 25 కిలోమీటర్ల వేగంలో 43 వాట్లు తింటుంది, 0.004 ఉన్నది 22. మిగిలిన ఆ 20 వాట్లు ప్రతి కిలోమీటరులోనూ మీవే. 5 శాతం ఎక్కుడులో 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అర కిలో బరువు తగ్గినందుకు మిగిలేది ఒక వాటు కూడా ఉండదు.

అయితే మన సీమలో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉన్నాయి. మరీ పలచని పోటీ టైరు వేసి పొలం గట్టున ఆపితే పంచరు ఖాయం. ముళ్లను ఆపే నడిమి పట్టీ ఉన్న టైరే కొనండి, 50 గ్రాములు ఎక్కువైనా సరే. టీపీయూ ట్యూబుకు మామూలు ప్యాచీ అతకదు, దాని ప్యాచీలు వేరే. రిమ్ బ్రేకులతో పొడవాటి ఘాట్ దిగితే రిమ్ము వేడెక్కుతుంది. ఆ వేడికి ఆగవు కాబట్టి కొన్ని టీపీయూ ట్యూబులు డిస్క్ బ్రేకులకు మాత్రమే. డబ్బా మీద చూసుకోవాలి.

గాలి సంగతి. 70 కిలోల మనిషికి 28 ఎంఎం టైరులో వెనక 75, ముందు 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. టైరు పక్కన అచ్చేసింది గరిష్ఠం, అంతా కొట్టమని కాదు. పొద్దున 25 డిగ్రీల్లో 75 కొట్టిన టైరు మధ్యాహ్నం ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే 82 దాటుతుంది.

ఆషాఢంలో అనంతపురం పక్క తొక్కేవాళ్లకు బరువు కన్నా ఎదురుగాలే శత్రువు. 25 కిలోమీటర్ల వేగంలో 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి తోపు దాదాపు రెట్టింపు. మోచేతులు మడిచి వంగితే వచ్చే లాభం ఏ చక్రమూ ఇవ్వదు. 50 ఎంఎం లోతు రిమ్ములు చూడ్డానికి బాగుంటాయి, పక్కగాలికి మాత్రం హ్యాండిల్‌ను లాగేస్తాయి.

ఉన్న చక్రాన్ని ముందు సరిచూసుకోండి. తిప్పి వదిలితే ఎక్కడా రాసుకోకూడదు. రిమ్ము ఎడమకు వస్తే అక్కడ కుడి వైపు స్పోకును పావు చుట్టు బిగించాలి, అంతకు మించి ఒకేసారి వద్దు. జంట స్పోకులను పిడికిట్లో నొక్కి చూస్తే వదులుగా ఉన్నది దొరికిపోతుంది. వదులు స్పోకే ముందుగా హబ్బు దగ్గరి వంపులో విరుగుతుంది.

ఇంత చెప్పినా కొనాలనుకుంటే, ఇప్పుడున్న పాత చక్రాల జత 2.5 కిలోలు దాటితేనే కొనండి. 20 స్పోకుల చక్రంలో ఒకటి విరిగితే రిమ్ము ఫ్రేముకు తగిలి అక్కడే ఆగిపోవాల్సి రావచ్చు. 32 ఉన్నదైతే బ్రేకు కాస్త వదులు చేసుకుని ఇల్లు చేరొచ్చు. 85 కిలోలు దాటినవాళ్లు, గుంతల దారుల్లో తిరిగేవాళ్లు 28కి తగ్గొద్దు. చదునుగా ఉండే పత్తా స్పోకులు ఊళ్లో దొరకవు, చక్రాలతోనే నాలుగు తెప్పించుకోండి. 7 స్పీడు సైకిళ్లలో ఎక్కువ వాటికి మర తిప్పి బిగించే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఉంటుంది, కొత్త హబ్బుకు అది ఎక్కదు, జారించి ఎక్కించే గుత్తి, అంటే క్యాసెట్, వేరే కొనాలి. 11 స్పీడు రోడ్డు హబ్బుకు 8, 9 స్పీడు క్యాసెట్ వేస్తే వెనకాల 1.85 ఎంఎం స్పేసర్ (పలచని రింగు) పడాలి. లేకపోతే దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ ఊగుతూనే ఉంటుంది.