అబ్బాయిలకు అన్నయ్యలు, అమ్మాయిలకు అక్కలేనా?

మన నవోదయ స్కూలు పూర్వ విద్యార్థుల సంఘం ఈ ఏడాది నుంచి తొమ్మిదో తరగతి మొదలు పన్నెండు దాకా చదివే పిల్లలకి మనలోంచే మెంటార్లను, అంటే దారి చూపే పెద్దవాళ్లను, పెట్టాలనుకుంటోంది కదా. చాలా మంచి పని. కానీ అందులో ఒక నియమం దగ్గర ఎవరూ ఆగలేదు: అబ్బాయిలకు అన్నయ్యలు, అమ్మాయిలకు అక్కలు. వినగానే సబబుగానే ఉంది, ఇందులో గొడవేముంది అనిపిస్తుంది. నాకైతే గొడవ ఉంది. అదేంటో చెప్పాలంటే 1996లో ట్రంకు పెట్టెతో ఆరో తరగతిలో దిగినప్పటి నుంచి మొదలుపెట్టాలి. సంచిక వాళ్లు ఎలాగూ జ్ఞాపకాలే రాయమన్నారు.

కేంద్రం నడిపే ఈ నవోదయ హాస్టల్ స్కూళ్లు మన పి.వి.గారి చలవ అని మనం గొప్పగా చెప్పుకుంటాం. 1971లో ముఖ్యమంత్రిగా సర్వేల్‌లో గురుకులం తెరిపించిన మనిషి, 1985లో కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యాక అదే ఆలోచనని దేశమంతా తీసుకెళ్లారు. ఊళ్ల పిల్లలకి పెద్ద పీట, ఆడపిల్లలకి మూడో వంతు సీట్లు. క్లాసులో 80 మంది ఉంటే అమ్మాయిలం 27 మందిమి, కాస్త అటూ ఇటూ. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హాస్టల్లో మగపిల్లలకి హౌస్ మాస్టర్, మాకు హౌస్ మిస్ట్రెస్. అది అలాగే ఉండాలి, రాత్రి పూట పిల్లల మధ్య ఎవరుండాలన్న విషయంలో నాకు రెండో మాట లేదు. చిక్కల్లా, హాస్టల్ కోసం పెట్టుకున్న ఆ గీత మెల్లగా మిగతా వాటన్నిటికీ పాకిపోవడం. అరావళి, నీలగిరి హౌసుల అబ్బాయిలు సాయంత్రం గ్రౌండులో సర్లతో వాలీబాల్ ఆడేవాళ్లు. కొత్త నెట్టో, బాలో కొనాలంటే ఒకడు సర్ స్కూటర్ వెనక ఎక్కి టౌనుకి పోయేవాడు. ఆ దారిలోనే ఎన్డీఏ అంటే, అదే సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ అంటే ఏంటో, ఏ కాలేజీలో ఫీజు తక్కువో, ఎంట్రన్స్ అప్లికేషన్ ఎప్పుడొస్తుందో వాడి చెవిన పడేది. ఎన్డీఏలో అప్పట్లో ఆడపిల్లలకి చోటే లేదు, 2021లో సుప్రీంకోర్టు చెప్పాకే ఆ తలుపు తెరుచుకుంది, అది వేరే సంగతి. ఇంజినీరింగ్ అప్లికేషన్ ఆఖరి తేదీ కూడా మాకు అబ్బాయిలు మాట్లాడుకుంటుంటే తెలిసేది. ఎవరూ దాచలేదండీ. స్కూటర్ వెనక సీటు మీద మాకు చోటు లేదు, అంతే. చీకటి పడేలోపు మేము గేటు లోపల ఉండాలి. మన స్కూలు ఒక్కటే అలా ఉందని కాదు, ఇంట్లో ఉన్నా అదే వరస.

మరి మాకు మేడమ్ లేరా అంటే ఉన్నారు. ఒక్కరే. ఆవిడకి ఒళ్లో పిల్లాడు, పగలు క్లాసులు, రాత్రి రోల్ కాల్, ఎవరికో జ్వరం, ఎవరో మొదటిసారి పెద్దమనిషి అయి బాత్రూంలో ఏడుస్తుంటే పక్కన ఆవిడే, ఎవరి నాన్నో తాగొచ్చి గేటు దగ్గర గొడవ చేస్తే అక్కడా ఆవిడే. ఇంత చేసే మనిషి తీరిగ్గా కూర్చుని "పెద్దయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావే?" అని ఎప్పుడు అడుగుతుంది? అబ్బాయిలకి దొరికిన సలహా ఎక్కడికి వెళ్లాలో చెప్పేది. మాకు దొరికింది ఎలా జాగ్రత్తగా ఉండాలో. రెండూ సలహాలే కానీ రెండో దాంతో ర్యాంకు రాదు.

ఫిజిక్స్ సర్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి దండగ. పదో తరగతిలో నాకు కటకాలు, దర్పణాల పిచ్చి పట్టింది. డౌట్లతో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడితే సర్ ఒకటే మాట, "ఇంకొకర్ని తోడు తెచ్చుకోమ్మా." ఆయన గదిలో ఎప్పుడూ చెప్పలేదు, ల్యాబ్‌లో ఒక్కదానికి ఎప్పుడూ చెప్పలేదు. మెస్సుకి పోయే వరండాలో, ట్యూబ్‌లైట్ కింద, ఎర్రగచ్చు మీద గొంతుక్కూర్చుని సుద్దముక్కతో కిరణాలు గీసేవారు. వానాకాలం ఉసిళ్లు వచ్చి ఆ గీతల మీద పడి గిలగిలా కొట్టుకునేవి, ఆయన ఊది మళ్లీ గీసేవారు. పక్కనుంచి మగపిల్లలు స్టీలు పళ్లేలు వాయించుకుంటూ లైన్లో పోతూ బొమ్మని తొక్కకుండా దాటేవాళ్లు, ఒకడిద్దరు ఆగి వినేవాళ్లు కూడా. వందమంది చూస్తుండగా చెప్పిన పాఠానికి ఎవడు వంకర మాట అంటాడు? తోడు వచ్చిన నా ఫ్రెండు బయాలజీ రికార్డు బొమ్మలు వేసుకుంటూ కూర్చునేది, ఫిజిక్స్ అంటే మంట దానికి. తీరా బోర్డులో నాకంటే దానికే ఎక్కువ మార్కులు.

ఆయన మంచితనం తలుచుకోవడానికే ఇదంతా రాయట్లేదు. పద్ధతి చూడండి: నలుగురి ఎదుట, తోడుతో, గదిలో కాదు. పోక్సో చట్టం వచ్చింది 2012లో. అంతకు ముందే, ఏ సర్క్యులరూ లేకుండానే ఆయన ఈ పద్ధతి పాటించారు, పాటించి కూడా పాఠం మానలేదు. చాలామంది సర్లు భయపడి ఆడపిల్లలకి చెప్పడమే మానేస్తారు. మర్యాద పేరు చెప్పి అలా తప్పుకుంటే పిల్లకి పోయేది పోనే పోయింది.

అయితే ఆడా మగా తేడా అసలు లేదని అనను. పది అయ్యాక మా నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్లిపోతానన్నాడు. పేరెంట్స్ వచ్చే ఆదివారం, వేపచెట్టు కింద పులిహోర క్యారియర్ విప్పి, సర్ వచ్చి "మీ అమ్మాయికి లెక్కలు బాగా వస్తాయండీ, ఎంపీసీ చదివించండి" అంటే నాన్న లేచి దండం పెట్టి సరేనండి అన్నాడు, సర్ వెళ్లగానే మళ్లీ మొదటికొచ్చాడు. తర్వాత మేడమ్ వచ్చి చంకలో పిల్లాడితోనే నిలబడి "ఇక్కడే ఉంచండి అన్నయ్యా, నేనున్నానుగా" అన్నారు. అంతే. మార్కుల గురించి ఒక్క ముక్క లేదు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఆ "నేనున్నానుగా" సర్ అనలేరు, అన్నా పనిచేయదు. దారి చూపించింది ఒకరు, ఆ దారిలో నన్ను పోనిచ్చేలా ఇంట్లోవాళ్లని ఒప్పించింది ఇంకొకరు. ఇద్దరిలో ఒకరే ఉండుంటే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు.

అబ్బాయిల సంగతీ చెప్పాలి. తొమ్మిదిలో మైగ్రేషన్ మీద, అంటే నవోదయలు రాష్ట్రాల మధ్య పిల్లల్ని మార్చుకునే పద్ధతిలో, హిందీ రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లల్లో ఒకడు అన్నం తినేవాడు కాదు, రాత్రుళ్లు ఏడ్చేవాడు. సర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు "మగాడివి, ఏడుస్తావేంట్రా" అన్నారు, ప్రేమగానే. మ్యూజిక్ మేడమ్ మాత్రం వాణ్ణి పిలిచి హార్మోనియానికి గాలి కొట్టే బెలోస్ వేసే పని అప్పజెప్పారు. ఏడవొద్దని ఎప్పుడూ అనలేదు. వాడు అక్కడే కూర్చుని ఏడ్చి, బెలోస్ వేసి, తర్వాత మెస్సుకొచ్చి తినేవాడు. కొన్నాళ్లకి మనవాళ్లు కూడా ఆ గది చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. బిస్కెట్ల కోసమని చెప్పేవాళ్లు.

ఇప్పుడు ఆ 27, 53 లెక్కకి వద్దాం. పూర్వ విద్యార్థుల్లో ఆడవాళ్లం ముందే మూడో వంతు. అందులో పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లు, నంబరు మారినవాళ్లు, ఆదివారం ఫోన్ పట్టుకుంటే ఇంట్లో ముఖాలు మాడేవాళ్లు, వీళ్లందరినీ తీసేయండి. అమ్మాయిలకు అక్కలే కావాలంటే చాలామందికి మెంటారే ఉండరు. దొరికిన నలుగురు అక్కల మీద నలభైమంది పడతారు, మళ్లీ మా హౌస్ మిస్ట్రెస్ కథే. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని పిల్లలకి మెంటార్లను కుదిర్చే పాత సంస్థ ఉంది, 1904లో న్యూయార్క్‌లో అన్నల వైపు మొదలై 1977లో రెండు శాఖలూ కలిశాయి. అక్కడ సమస్య తిరగబడి ఉంది, ముందుకొచ్చే మగవాళ్లు చాలక అబ్బాయిలు ఎదురుచూస్తుంటారు. 2011లో డుబోయిస్, జీన్ రోడ్స్ వగైరా పరిశోధకులు 73 మెంటారింగ్ అధ్యయనాలను కలిపి చూస్తే, ఇద్దరి ఆసక్తులు కలిసిన చోట ఫలితం మెరుగ్గా ఉందని తేలింది. మా వరండాలో కటకాల పిచ్చి కలిసింది, అంతే కదా.

ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఏమీ వద్దనడం లేదు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2019లో విజ్ఞాన జ్యోతి మొదలుపెట్టింది, తొమ్మిది నుంచి పన్నెండు చదివే అమ్మాయిల కోసం, అదీ మొదట 50 నవోదయల్లోనే, తర్వాత ఇంకో 50. ల్యాబులు చూపిస్తారు, మహిళా శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు, తల్లిదండ్రులకీ కౌన్సెలింగ్ ఉంటుంది. ఈ ఆఖరిది నాకు బాగా నచ్చింది, పులిహోర క్యారియర్ దగ్గర నెగ్గాల్సింది అక్కడే కాబట్టి.

కమిటీకి నేను చెప్పేది ఇదీ. జతలు సబ్జెక్టుని బట్టి, ఆసక్తిని బట్టి వేయండి. ఒక అన్న, ఒక అక్క కలిసి ఎనిమిది పది మంది పిల్లల్ని చూసుకోనివ్వండి. వీడియో కాల్ స్కూలు కంప్యూటర్ ల్యాబ్ నుంచే, టీచర్ ఉండగానే. రాత్రి పదింటికి పర్సనల్ మెసేజులు ఎవరికీ ఎవరూ పెట్టొద్దు, అన్నలకైనా అక్కలకైనా ఇదే రూలు, ఎందుకంటే మగపిల్లలకి మగవాళ్ల వల్ల కూడా ప్రమాదం ఉంటుంది, దాని గురించి మనం నోరు విప్పం. ఇంట్లో పెళ్లి సంబంధాల గొడవ లాంటివి వస్తే అక్క చూసుకుంటుంది, అవసరమైతే ఆ నాన్నకి ఫోన్ చేస్తుంది.

నా పేరు అబ్బాయిలున్న గ్రూపులో కూడా రాసుకోండి. రేపు ఆఫీసులో ఆడ మేనేజర్ ఏదైనా చెబితే ముఖం చిట్లించకుండా వినడం వాళ్లకి పదిహేనేళ్లప్పుడే అలవాటైతే మంచిది. మైగ్రేషన్ మీద వచ్చిన పిల్లలుంటే వాళ్లనీ నాకే ఇవ్వండి. హిందీ తప్పులతో మాట్లాడతాను, ఫిజిక్స్ తప్పుల్లేకుండా చెబుతాను.