రిపోర్టు నార్మల్ అన్న రాత్రి

తొడ ఎముకలో, మోకాలికి కాస్త పైన వచ్చిన గడ్డ ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని తేలేనాటికి నాకు 16 ఏళ్లు. బయాప్సీ, స్కానింగులు, కాలు తీసేయకుండా చేసిన ఆపరేషన్ అందరికీ జరిగినట్టే నాకూ జరిగాయి. నన్ను నిజంగా భయపెట్టింది క్యాన్సర్ కాదు, కీమో మధ్యలో కిడ్నీలు మొరాయించిన ఒక రాత్రి.

మాకు ఇచ్చే ముఖ్యమైన మందుల్లో సిస్‌ప్లాటిన్ కిడ్నీలోని సూక్ష్మనాళికల కణాలను దెబ్బతీస్తుంది. చదరపు మీటరు శరీర వైశాల్యానికి 12 గ్రాముల లెక్కన ఎక్కించే మెథోట్రెక్సేట్, మూత్రం ఆమ్లంగా ఉంటే, స్ఫటికాలుగా మారి ఆ నాళికలకే అడ్డుపడుతుంది. అందుకే బైకార్బొనేట్ కలిపిన సెలైన్ ఎక్కిస్తూ మూత్రం పీహెచ్ 7కు తగ్గకుండా చూస్తారు.

ఆ రాత్రి వాంతులు ఆగలేదు. అమ్మ మూత్రంలో ముంచిన పట్టీని సీసా మీది రంగుల పక్కన పెట్టి చూసింది. ఆకుపచ్చకు తిరగవలసింది పసుపుగానే ఉండిపోయింది, అంటే మూత్రం ఇంకా ఆమ్లంగానే ఉంది. మూత్రం కూడా బాగా తగ్గిపోయింది. డ్యూటీ డాక్టరు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం, కిడ్నీలు దెబ్బతింటే పెరుగుతుంది) 0.8 అని చూసి, "రిపోర్టు నార్మల్‌గానే ఉందమ్మా, మీరు కంగారుపడి పాపను కంగారుపెట్టకండి" అని వెళ్లిపోయారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నర్సు అక్క మాత్రం ఊరుకోలేదు. ఫైలు తిరగేసి, మందు మొదలుపెట్టక ముందు నా క్రియాటినిన్ 0.4 అని పట్టుకుని, రెట్టింపయిందని పెద్ద డాక్టరుకు ఫోను చేశారు. ఆయన వచ్చి సెలైన్ పెంచారు, మెథోట్రెక్సేట్‌కు విరుగుడుగా ఇచ్చే ల్యూకోవోరిన్ మోతాదు పెంచారు, మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని ఆలస్యం చేయగలదని ఎసిడిటీ మాత్ర ఆపించారు. రక్తంలో మెథోట్రెక్సేట్ లీటరుకు 0.1 మైక్రోమోల్‌కు దిగేదాకా మమ్మల్ని ఇంటికి పంపలేదు. దేవుడే కాపాడాడని అమ్మ అంటుంది. కాదనను గానీ, నా మొదటి దండం ఆ అక్కకే.

క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది కాబట్టి, కీమోతో చిక్కిపోయిన పిల్లల్లో అది మొదటే తక్కువగా ఉంటుంది. పైగా కిడ్నీ పనితనం చాలావరకు తగ్గాక గాని పెరగదు. 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. కండరాలతో అంతగా సంబంధం లేని, రక్తంలో చూసే సిస్టాటిన్-సి, మూత్రంలో చూసే ఎన్‌గాల్, కిమ్-1 అనే ప్రొటీన్లు దెబ్బను ఇంకా ముందే పసిగట్టగలవని తర్వాత తెలిసింది. అవి ఇప్పటికీ అన్నిచోట్లా మామూలు పరీక్షలు కాలేదు. అవి లేకపోయినా, మీ పిల్లల తొలి క్రియాటినిన్ ఎంతో ఫైలు మొదటి పేజీలో రాసిపెట్టండి, కిడ్నీలకు చెరుపు చేయగల నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేయకండి.

నా క్రియాటినిన్ మళ్లీ దిగింది, సిస్‌ప్లాటిన్ దెబ్బకు కిడ్నీలు మెగ్నీషియంను బయటికి వదిలేస్తుంటే ఆ మాత్రలు మాత్రం ఇంకా మింగుతున్నాను. ఆ తర్వాత ప్రతి విడతకూ ముందు అమ్మ "క్రితంసారి ఎంత, ఇప్పుడెంత?" అని అడిగేది; కొందరు విసుక్కున్నారు, అయినా చెప్పేదాకా బాటిల్ పెట్టనిచ్చేది కాదు.