నల్లా వచ్చిన రోజు

పొద్దున ఐదున్నరకు నల్లా వచ్చింది. మా వాడకట్టులో దినం విడిచి దినం నీళ్లు. నేను లేచి పోయేసరికే పైన కిరాయికి ఉంటున్న పిల్ల బిందెలు వరుసగ పెట్టుకుని నింపుతున్నది. ఉట్నూరు దిక్కు గోండుల పిల్ల, ఇక్కడ హన్మకొండల బీఎడ్ చదువుతున్నది. నిండిన బిందెను పక్కకు జరిపినప్పుడల్లా తనలో తాను లెక్క పెడుతున్నది: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్.

నేను పైపు దగ్గర్నే నిలబడిపోయిన. రెండు, మూడు, నాలుగు సరే, వింటెనే తెలిసిపోతున్నది. ఆ 'ఉండి' ఎక్కడిదా అని కాసేపు పట్టింది. మన పాత తెలుగుల ఒకటిని 'ఒండు' అనేటోళ్లు. ఒండొరులు అని పద్యాల్ల చదువుకున్నం గద. మనం పద్యాల్ల దాచిపెట్టుకున్నదాన్ని ఈ పిల్ల నల్లా కాడ వాడుతున్నది.

"నీళ్లను ఏమంటరు బిడ్డా?" అని అడిగిన.

"ఏర్ అంటం అక్కా."

ఏర్. మనకు ఏరు అంటె పారే వాగు. వాళ్లకు బిందెల ఉన్నా ఏరే.

తెలుగు, గోండి దగ్గరి అక్కచెల్లెండ్లని భాషాశాస్త్రం చదివినోళ్లు చెప్తరు. ద్రావిడ భాషలల్ల రెండూ ఒకే కొమ్మ. లెక్కకు చూస్తె తమిళం, కన్నడం కంటె గోండే మనకు దగ్గరి చుట్టం. 2011 జనాభా లెక్కల్ల తెలుగు మాట్లాడేటోళ్లు 8 కోట్ల మీద ఉన్నరు, గోండి మాట్లాడేటోళ్లు 30 లక్షల లోపే. ఒక తల్లి పిల్లలే, ఇంత తేడా ఎట్ల వచ్చిందా అని పప్పు పొయ్యి మీద పెట్టి కూడ అదే ఆలోచన.

చిన్నప్పుడు బడి నుంచి ఖిలా వరంగల్ తీసుకపోయినప్పటి నుంచి నాకొక ఆలోచన వదలదు. ఓరుగల్లు పడిపోకుంటె? మొదటిసారి ముట్టడి పారక ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలూగ్ ఖాన్ దేవగిరికి మళ్లిపోయిండు. కొన్ని నెలలకే కొత్త దండుతోని మళ్లొచ్చిండు, 1323ల కోట పడ్డది. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తీసుకపోతుంటె నర్మద ఒడ్డున పానం పోయిందంటరు. ఆ రెండో రాకడ లేకపోతె ఎట్లుండేదని కీర్తి తోరణాల నీడల ఎన్నిసార్లు ఊహించుకున్ననో. తెలుగు రాజ్యం ఉత్తరానికి పెరిగేది, గోదావరి దాటేది, మన భాష ఎక్కడెక్కడికో పోయేది. ఆ ఊహ నాకు ఎప్పుడూ తియ్యగనే ఉండేది. ఇయ్యాల తియ్యగ లేదు.

నిజంగ గోదావరి దాటి పోయినోళ్ల సంగతి చూస్తె ఇంకో తీరు ఉన్నది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ పోయి రాజ్యం నిలబెట్టిండని అక్కడి రాజవంశం చెప్పుకుంటది. 1703ల దంతెవాడల వేయించిన శాసనంల కూడ ఓరుగల్లు నుంచి వచ్చినమనే ఉన్నది. కాని ఆ శాసనం సంస్కృతంల, హిందీల ఉన్నది. తెలుగు లేదు. బస్తర్ల అందరి నడుమ నడిచిన మాట హల్బీ. 2022 జూలైల కాకతీయ వైభవ సప్తాహానికి ఆ వంశపు కమల్ చంద్ర భంజ్‌దేవ్ వరంగల్ వచ్చినప్పుడు రోడ్డు పొంటి నిలబడి చూసిన. పుట్టింటోళ్లు వచ్చినట్టు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంటికొచ్చినంక అనిపించింది, రాజ్యం చేతుల ఉండి కూడ తెలుగు ఎందుకు నిలవలేదు?

మా చిన్నాయిన కొత్తవాడల మగ్గం అమ్ముకుని మహారాష్ట్రల భివండి పోయినప్పుడు ఆయన చేతుల రాజ్యం లేదు, ఒక ట్రంకు పెట్టె, ఒక జంపఖానా ఉన్నయి. అక్కడ పద్మనగర్ల మన పద్మశాలీలే. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసిండు. ఫోన్ గుంజుకుని వాని బిడ్డ మాట్లాడింది: "అత్తా, మా శాళెకు సుట్టీ ఉన్నది, బతుకమ్మకు వస్తా." శాళ, సుట్టీ మరాఠీ మాటలు. పక్కన ఉన్న 'కు', 'అత్తా', 'బతుకమ్మ' మాత్రం కొత్తవాడవే. ఆ పిల్లకు తెలుగు చదవరాదు. పాట మాత్రం చప్పట్లతోని మొత్తం పాడుతది.

సాయంత్రం ఉతికిన బట్టలు తీయబోయి పై పిల్లతోని కూసున్న. ఏదో మాటల మీద తన ఒకటో తరగతి ముచ్చట చెప్పింది. బడిల చేరిన కొత్తల సారు చెప్పే తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయేదట. ఒకనాడు దూపైతే 'ఏర్, ఏర్' అన్నదట. సారుకు అర్థం కాలేదు. గమ్మున కూసోమన్నడట. ఇంటి గంట దాక నాలుక తడారిపోయి అట్లనే కూసున్నదట. నవ్వుకుంటనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ సారు మాట్లాడింది నా తెలుగే.

ఓరుగల్లు నిలిస్తె, మన రాజ్యం గోదావరి అవతలికి పెరిగితె, ఈ పిల్ల తాతముత్తాతలకు ఏమయ్యేది? నా చిన్నప్పటి ఊహల వాళ్లకు జాగ లేదు. మేడారం కథ మాత్రం మన కండ్ల ముందటనే ఉన్నది. కరువుల కప్పం కట్టలేమన్న కోయలమీదికి ప్రతాపరుద్రుని దండు పోయిందని, సమ్మక్క సారలమ్మ ఎదురు నిలిచిన్రని, జంపన్న సంపెంగ వాగుల దుంకిండని కథ. రెండేండ్లకోసారి బంగారం అని పిలిచే బెల్లం మోసుకుని మేమంత పోతం, ఆ వాగుల్నే తానం చేస్తం. ఇన్నేండ్లు మొక్కిన కాని, ఆ కథల మేము ఏ దిక్కు ఉన్నమో ఆలోచించలేదు.

అందుకే ఇయ్యాల నా ఊహ 1323ను వదిలి ఆదిలాబాద్ దిక్కు గోండుల ఊరు మర్లవాయికి పోయింది. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీమ్‌ను చంపినంక, గోండుల బాధలేందో తెలుసుకునేటందుకు నిజాం సర్కారు మానవశాస్త్రం చదివిన హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మర్లవాయిల ఉన్నరు. 1943ల అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిల గోండి వాచకాలు అచ్చయినయి. తర్వాత బళ్లల్ల తెలుగే నిలిచింది. ఆ వాచకాలు ఆగకుంటె? మూడు తరాల గోండు పంతుళ్లు గోండిల పాఠం చెప్పి ఉంటె? నారనూరు మండలం గుంజాలల దొరికిన పాత రాతల లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. అది ఆ బడి గోడల మీద అప్పుడే ఉండి ఉంటె? కోటలు, దండులు ఏమీ అక్కర్లేని ఊహ ఇది. ఒకటో తరగతిల దూపైన పిల్లకు గిలాసల నీళ్లు దొరికితె చాలు.

బట్టలు మడత పెట్టినంక, అంకెలు ఒక కాగితం మీద రాసియ్యమని అడిగిన. గుంజాల లిపి తనకూ రాదన్నది, నేర్చుకోవాలని ఉన్నదట. తెలుగు అక్షరాలల్లనే రాసిచ్చింది: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. తడవకుంట ప్లాస్టిక్ కవర్ల పెట్టి పైపు పక్క గోడకు అతికిచ్చిన. ఎల్లుండి మళ్లీ నల్లా వస్తది.