డబుల్ క్లిక్ కొట్టే మనిషి లేకుండా బ్యాట్ ఫైళ్లు

విశాఖ పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ చేసే ఆఫీసు మాది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయాక, మా సీనియర్ అకౌంటెంట్ గారు బ్యాకప్ కోసం సొంతంగా కొన్ని బ్యాట్ ఫైళ్లు (నొక్కితే లోపలున్న విండోస్ కమాండ్‌లు వరసగా నడిచే ఫైళ్లు) రాసిపెట్టారు. ఒకటి ఆ రోజు తేదీతో ఫోల్డర్ చేస్తుంది, ఒకటి బిల్ ఆఫ్ ఎంట్రీలూ (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే పత్రాలు) ఇన్‌వాయిస్‌లూ అందులోకి లాగుతుంది, ఇంకోటి అందరి మెయిల్ ఫైళ్లతో సహా మొత్తాన్ని సర్వర్‌కి పంపుతుంది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు వాటిని వరసగా నొక్కడం ఆయన అలవాటు. రిటైర్మెంట్ దగ్గరపడింది కదా, "రాత్రిపూట వాటంతటవే నడిచేలా చూడమ్మా" అని నాకు అప్పజెప్పారు.

మొత్తం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాయమని ఫ్రెండ్స్ సలహా. నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్లుగా నడుస్తున్నవాటిని కెలకడం ఎందుకు? పైథాన్‌లో వేరే ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఉంది, అందులోని రన్ ఫంక్షన్‌తో ఒక్కో బ్యాట్ ఫైల్‌నీ పిలిచే చిన్న స్క్రిప్ట్ రాసి, దానికోసం ఆ సిస్టమ్‌లో కొత్త అకౌంట్ ఒకటి చేసి, చెప్పిన టైముకి పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. పొద్దున వచ్చి చూస్తే ఒక్క ఫైలూ కదల్లేదు.

"ఏటమ్మా, నేను నొక్కితే నడుస్తాది కదా!" అన్నారాయన. చిక్కంతా అక్కడే ఉంది. డబుల్ క్లిక్ చేస్తే బ్యాట్ ఫైల్ ఉన్న ఫోల్డరే వర్కింగ్ డైరెక్టరీ, అంటే కమాండ్‌లు ఫైళ్లను వెతికే చోటు, అవుతుంది. షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే విండోస్ సొంత సిస్టమ్32 ఫోల్డర్లో మొదలవుతుంది. రన్ ఫంక్షన్‌లో వర్కింగ్ డైరెక్టరీని చెప్పే సీడబ్ల్యూడీకి ఆ ఫోల్డర్ పూర్తి పాత్ ఇస్తే అది సర్దుకుంది. సర్వర్ ఫోల్డర్‌కి ఆయన పెట్టుకున్న జెడ్ డ్రైవ్ అనే పేరు ఆయన లాగిన్‌లోనే ఉంటుంది, కొత్త అకౌంట్‌కి కనపడదు. దాని బదులు సర్వర్ పేరుతో నెట్‌వర్క్ పాత్ రాశాను. ఈ రెండూ వెతికితే ఎక్కడైనా దొరికేవే.

తేదీ గొడవ మాత్రం అలా దొరకలేదు. ఫోల్డర్ పేరు కోసం ఆయన ఆ రోజు తేదీ ఉండే డేట్ వేరియబుల్‌ని ముక్కలు కోశారు (స్థానాల లెక్క సున్నాతో మొదలు): 6వ స్థానం నుంచి నాలుగక్షరాలు సంవత్సరం, 3 నుంచి రెండు నెల, 0 నుంచి రెండు రోజు. ఆయన లాగిన్‌లో ఇండియా ఫార్మాట్, 14-05-2024 అని వస్తుంది, లెక్క చక్కగా సరిపోతుంది. కొత్త అకౌంట్‌కేమో విండోస్ అమెరికా ఫార్మాట్ తగిలించింది: ముందు మంగళవారానికి ఇంగ్లిష్‌లో మూడక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత 05/14/2024. అదే కోత కోస్తే సంవత్సరం ఉండాల్సిన చోట /14/ వచ్చి కూర్చుంది, రోజు స్థానంలో మంగళవారం మొదటి రెండక్షరాలు. స్లాష్ కనపడగానే ఫోల్డర్ చేసే కమాండ్ దాన్ని స్విచ్ (కమాండ్‌కి ఇచ్చే అదనపు ఆదేశం) అనుకుని, సింటాక్స్ తప్పంటూ ఆగిపోయింది. ఎన్నికల పోలింగ్ మర్నాడు, ఖాళీ ఆఫీసులో కూర్చుని, రాత్రి జరిగిందంతా రాసి ఉన్న ఆ లాగ్ అక్షరం అక్షరం లెక్కపెట్టాను. ఇప్పుడు తేదీని పైథానే తయారుచేసి బ్యాట్ ఫైల్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా (పిలిచేటప్పుడు అందించే విలువగా) ఇస్తుంది. బ్యాట్ ఫైల్ దాన్ని శాతం గుర్తు పక్కన ఒకటి వేసి తీసుకుంటుంది. ఏ అకౌంట్ అయినా ఒకటే పేరు.

ప్రతి ఫైల్ చివరా ఏదో ఒక కీ నొక్కేదాకా ఆగే పాజ్ కమాండ్ ఉంది. అర్ధరాత్రి కీ నొక్కేదెవరు? కీబోర్డు నుంచి రావాల్సిన స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని డెవ్‌నల్‌కి, అంటే ఏమీ ఉండని చోటికి, మళ్లిస్తే పాజ్ దానంతటదే దాటిపోయింది. అయితే అలా మళ్లించిన చోట, చెప్పినన్ని సెకన్లు ఆగే టైమౌట్ కమాండ్ పనిచేయదు, ఇన్‌పుట్ రీడైరెక్షన్ కుదరదని చెప్పి అప్పటికప్పుడే బయటపడుతుంది. కాపీకి ముందు పది సెకన్లు ఆగాల్సిన చోట ఆగలేదు. పాత చిట్కానే వాడాను: 127.0.0.1 కి, అంటే ఆ సిస్టమ్‌కే, సెకనుకొకటి చొప్పున పదకొండు పింగ్‌లు (ఉన్నావా అని పలకరింపులు). చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ పని జరుగుతుంది.

తర్వాత ఫైళ్లను సర్వర్‌కి పంపే విండోస్ కమాండ్ రోబోకాపీ వంతు. రన్ ఫంక్షన్‌లో చెక్ ఆన్ చేస్తే, ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా కానిదల్లా ఎర్రరే. రోబోకాపీలో సున్నా అంటే కాపీ చేయడానికేమీ లేదని, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని. అంటే బ్యాకప్ బాగా జరిగిన రోజే నా స్క్రిప్ట్ గగ్గోలు పెట్టేది! ఆ కోడ్‌లు ఒకదానితో ఒకటి కలుస్తాయి (1, 8 కలిస్తే 9), 8, ఆపైన వస్తేనే ఏదో ఫెయిలైనట్టు. చెక్ తీసేసి, 8 కంటే తక్కువైతే ముందుకు పొమ్మని రాశాను.

రోబోకాపీతోనే ఇంకో తలనొప్పి. ఎవరైనా అవుట్‌లుక్ మూయకుండా వెళ్తే వాళ్ల మెయిల్ ఉండే పీఎస్‌టీ ఫైల్ లాక్‌లో ఉంటుంది. మనమేమీ చెప్పకపోతే అలాంటి ఫైల్ కోసం రోబోకాపీ 30 సెకన్లకోసారి, పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే ఏడాదికి కాస్త తక్కువ! అకౌంటెంట్ గారు నల్ల స్క్రీన్ ముందే కూర్చునేవారు కాబట్టి కంట్రోల్ సీ కొట్టి ఆపేసేవారట. ఆ సంగతి ఫైల్లో ఎక్కడా రాసి లేదు. ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో చెప్పే ఆర్‌కి 2, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే డబ్ల్యూకి 5 ఇచ్చాను. ఇప్పుడు ఆ ఒక్క ఫైల్‌నీ వదిలేసి మిగతావి పంపి, 8తో కలిసిన కోడ్ ఇచ్చి ముగుస్తుంది. స్క్రిప్ట్ ఆ ఫైల్ పేరు లాగ్‌లో పైనే రాస్తుంది. పొద్దున్నే రాగానే ఆయన లాగ్ తెరిచి, తిన్నగా ఆ సీటు దగ్గరికెళ్లి, "ఏటి బాబూ, నిన్న అవుట్‌లుక్ మూయకుండా ఎల్లిపోయావు?" అని నిలదీస్తున్నారు.