ఈసారి రిటర్ను నేనే వేశా

విజయవాడ వన్‌టౌన్‌లో మాది చిన్న స్టీలు సామాన్ల కొట్టు. ఏళ్ల తరబడి ఆడిటర్ గారి గుమాస్తాకి కాగితాలు పంపడం, అడిగినప్పుడు ఓటీపీ చెప్పడం, ఇదే నాకు తెలిసిన ఇన్‌కమ్ ట్యాక్స్. నిన్న రాత్రి షట్టరు సగం దించి, గల్లాపెట్టె మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా.

మాలాంటి చిన్న వ్యాపారులు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్ 4, పేరు సుగమ్. పేరులో ఉన్నంత సుగమం కాదు లెండి. ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద చిట్టా పద్దులు చూపించక్కర్లేదు. నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం, యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభం చూపిస్తే చాలు. అక్కడే ఆగిపోయా. పాత రిటర్నులు తెరిచి చూస్తే మొత్తం అమ్మకం మీదా 8 శాతమే! మరి కౌంటరు మీద క్యూఆర్ స్టిక్కరు అంచులు లేచిపోయేదాకా స్కాన్ చేయించుకున్నది ఎందుకో.

మన రాబడి గురించి ట్యాక్స్ వాళ్ల దగ్గరున్న వివరాల పట్టీ, ఏఐఎస్‌లో ఇంకో వింత. అమ్మ పోరు పడలేక ఎప్పుడో వేసి మర్చిపోయిన ఎఫ్‌డీ వడ్డీ అక్కడ పైసలతో సహా ఉంది. మా ఆవిడకి కూడా తెలియని సంగతి అది.

చివర్లో ఈ-వెరిఫై, అంటే రిటర్ను నాదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం. ఓటీపీ రాదే! ఆధార్‌కి ఇచ్చిన నంబరు మావాడి దగ్గరుంది, వాడేమో గుంటూరు హాస్టల్లో. రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేస్తే, "ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దన్నావుగా నాన్నా" అన్నాడు. వెరిఫై చేయకపోతే వేసిన రిటర్ను చెల్లదురా, 30 రోజులే గడువు అని బతిమాలితే అప్పుడు చెప్పాడు.

పొద్దున గుమాస్తా గారు కొట్టు ముందు బండి ఆపి, "ఏంటండీ, ఈసారి కాగితాలు ఇంకా పంపలేదు" అన్నారు.

టీ తెప్పించా.